చూపుల నీళ్లు

కరిగానిపల్లి,
శుక్రవారం, మిట్టమధ్యాహ్నం

మేనకోడలు సువర్ణకు,

మామ గంగాధరప్ప ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ అత్త రామాంజినమ్మ, గొర్రెలు అందరం క్షేమం. ఈ క్షేమం ఎన్నాళ్లుంటుందో తెలియకనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫోన్ చేయొచ్చు కదా మామా అని విసుక్కుంటావు. చేయను. నువ్వూ చేయొద్దు. ఫోన్లో మాట్లాడితే ఎవరెవరు వింటారో మనకు తెలియదు. నేను ఈ ఊరి పోస్టాఫీసు నడిపి రిటైరైన మనిషిని. అంటించిన కవరు విప్పడం కష్టమని నాకు తెలుసు. అంటే, విప్పడం తేలికే. మళ్లీ ఎవరికీ తెలియకుండా అంటించడమే కష్టం.

జరిగింది చెప్తాను, కూర్చుని చదువు. మొన్న ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని వరుసలో నిలబడ్డాను. ఒక టీవీ అబ్బాయి వచ్చి మైకు నా మూతికి ఆనించాడు. సముద్రం అవతల ఏదో చిన్న దేశం ఉందట. వాళ్లకు మన దేశం ఫిరంగులు, తుపాకులు, గస్తీ పడవలు సాయంగా ఇస్తుందట. ఆ ఖర్చేదో మన ఊళ్లకు పెట్టొచ్చు కదా అని కొందరు, ఈ రోజు వాళ్లను ఆదుకోకపోతే రేపు ముప్పు మన గడపకే వస్తుందని కొందరు వాదించుకుంటున్నారట. "పెద్దాయనా, మీరేమంటారు?" అన్నాడు.

నేను తెలియక అడిగాను. "ఏమప్పా, ఆ ఫిరంగులు ఉత్తగా ఇస్తాండారా, పాలుకు ఇస్తాండారా?"

మన వైపు గొర్రెలు పాలుకు ఇస్తే మేపినవాడు పుట్టిన పిల్లల్లో సగం తెచ్చి ఇస్తాడు. న్యాయమైన పద్ధతి. ఫిరంగులు ఈనవని నాకూ తెలుసు. అయినా ఏదో ఒకటి తిరిగి రావాలి కదా. ఆ అబ్బాయికి పాలు సంగతే తెలియదు. ఉత్తగానే అన్నాడు. అప్పుడు నా నోరు ఆగలేదు. "ఉత్తగా ఇచ్చేంత ఉంటే ముందు ఈడ ఒక పైపు ఎయ్యమనప్పా. ఆ దేశమోళ్లు ఎవురో నాకు తెల్దు. మా ఊరి గొంతు ఎండిపోతాండేది మాత్రం నాకు కనపడతాండాది. ముందు మనం, ఆమైన వాళ్లు" అన్నాను.

సాయంత్రం టీవీ పెడితే నా ముఖం ఇంతలావున కనిపించింది. పక్కన ఒక ఫిరంగి బొమ్మ, సరిగ్గా నా చెవిలోకి గురిపెట్టి ఉంది. కింద ఎర్ర అక్షరాలతో "దేశ రక్షణపై వృద్ధుడి నిప్పులు" అని వేశారు. ఆ తర్వాత కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన బల్ల గుద్ది, ఇలాంటి మాటల వెనుక ఎవరున్నారో తేల్చాలన్నాడు. పాపా, నా వెనుక ఉన్నది బయమ్మ. రెండు బిందెలతో.

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. జీపు చప్పుడైతే పోయి గొర్రెల మధ్య కూర్చుంటున్నాను. నువ్వు పుట్టపర్తిలో ప్రభుత్వ ఆఫీసులో టైపు పని చేస్తున్నావు కదా, కాగితాలన్నీ నీ చేతి మీదుగానే పోతాయి కదా. నా పేరుతో ఏదైనా ఉందేమో చూడు.

భయంలో కూడా నిన్ను మరవని
మామ గంగాధరప్ప

తా.క.: టీవీలో నేను చిరిగిన తువ్వాలు వేసుకున్నానని మీ అత్త నాతో మాట్లాడటం లేదు. "జైలు సంగతి తర్వాత, ఊరంతా చూసినారు కదా ఆ తువ్వాల" అంటోంది.


పుట్టపర్తి,
గురువారం

మామకు సువర్ణ నమస్కారాలు.

మీరు కవరుకు ఎంత బంక పూశారో గానీ కత్తెరతో కోయాల్సి వచ్చింది. రెండు వాక్యాలు పోయాయి. మిగిలినవి చాలు నన్ను భయపెట్టడానికి.

ఆఫీసులో మిమ్మల్ని చూడనివాళ్లు లేరు. భోజనాల దగ్గర ఫోన్లో పెట్టుకుని మళ్లీ మళ్లీ చూశారు. మా సూపరింటెండెంట్ విజయభాస్కర్ గారు నా వైపు తిరిగి, "ఈయనది మీ వైపే కదమ్మా, తెలుసా నీకు?" అని అడిగారు. మామా, నన్ను తిట్టండి. "మా వైపు ముసలాళ్లందరూ ఇట్లాగే ఉంటారు సార్, గుర్తుపట్టలేను" అన్నాను. నాది అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. రేపటి నుంచి రావద్దని చెప్పడానికి వాళ్లకు కాగితం కూడా అక్కర్లేదు.

అసలు సంగతి ఇది. నిన్న నాకు టైపు చేయమని ఒక కాగితం ఇచ్చారు. కరిగానిపల్లి, వచ్చే మంగళవారం, టీవీ వార్తపై విచారణ, ఇద్దరు అధికారులు, ఒక ఫొటోగ్రాఫరు. ఇంతే ఉంది. మన ఊరి పేరే తప్పు కొట్టాను. ఎందుకు వస్తున్నారని అడగలేను. ఆయనెవరో నాకు తెలియదని చెప్పాను కదా, ఇప్పుడు ఏ మొహంతో అడుగుతాను?

రాత్రంతా ఆలోచించాను. మీరు లోటు ఉందన్నారు కాబట్టి గొడవ. లోటే లేదంటే గొడవ లేదు. ఎవరు ఏమడిగినా మాకు అన్నీ బాగున్నాయనండి. మీరొక్కరే కాదు, అందరూ అదే మాట అనాలి. ఒక్కరు నోరు జారినా మిమ్మల్ని జీపెక్కిస్తారు. నేను ముందే చెప్పానని తెలిస్తే నా పని కూడా అయిపోతుంది. ఈ ఉత్తరం చదివి చించేయండి.

ఇట్లు,
గుండె దడతో
సువర్ణ

తా.క.: తువ్వాలు విషయంలో అత్త చెప్పింది నిజమే మామా.


కరిగానిపల్లి,
బుధవారం, గండం గడిచిన మర్నాడు

చల్లగా ఉండాల్సిన సువర్ణకు,

నీ ఉత్తరం చించేశాను. చించే ముందు పాల కేంద్రం దగ్గర అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించాను.

ఊరు ఊరంతా నాకోసం ఎట్లా నిలబడిందో నువ్వు చూసి ఉండాల్సింది. ఏం చేయాలో మొదట ఎవరికీ తోచలేదు. బయమ్మ మాత్రం కొంగు బిగించి, "దీనికింత ఆలోచనేంది? మనకు తెలీని పనా ఇది? ఆఫీసర్లు వచ్చినా, పిల్లనిచ్చేటోళ్లు వచ్చినా, చూసేది నీళ్ల గాబే కదా" అంది.

నీకు చెప్పాల్సిన పని లేదు. నీళ్లు లేని ఊరికి పిల్లను ఎవరిస్తారు? మన పిల్లోడికి సంబంధం వచ్చి, అవతలివాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారంటే ఊరందరూ తలా ఒక బిందె తెచ్చి ఆ ఇంటి గాబు నింపుతారు. వాకిలి తడుపుతారు. దూడను కడుగుతారు. వాళ్లు బస్సెక్కగానే ఎవరి బిందె వాళ్లు ముంచుకుని పోతారు. వాటినే చూపుల నీళ్లు అంటాం. బయమ్మ నలుగురు కొడుకులకు ఆ నీళ్లతోనే పెళ్లిళ్లు చేసింది. అయితే ఒక ఇంటికి చేయడం వేరు, ఊరు మొత్తానికి చేయడం వేరు.

ట్యాంకరు నీళ్లు తాగకుండా దాచాం. గురప్ప మల్బరీ తోటలో బోరు ఒక్కటే ఇంకా పోస్తోంది, అదీ పట్టాం. చాలలేదు. బండి కట్టుకుని పక్కనున్న సిద్ధనహళ్లికి పోయాను. అక్కడి పెద్ద యేసన్న నా డ్రమ్ములు చూసి, "ఎవురి పిల్లోనికి మామా సంబంధం?" అన్నాడు. ఇప్పుడే చెప్పకూడదప్పా అన్నాను. కుదరకముందే చెప్తే సంబంధం చెడిపోతుందని ఎవరూ చెప్పరు కదా, ఆయన మళ్లీ అడగలేదు. ఇంటింటికీ తిరిగి ఉన్నది మొత్తం నా డ్రమ్ముల్లో వంచి, "మీ ట్యాంకరు వస్తానే మాకు మల్ల పోయండి" అన్నాడు.

మంగళవారం పొద్దున మన ఊరు చూస్తే నీకు కళ్లు తిరిగేవి. ప్రతి గాబూ అంచుదాకా. వాకిళ్లన్నీ తడి. నా గొర్రెలను కూడా కడిగాను. అవి పుట్టినప్పటి నుంచి వానకు తప్ప తడిసి ఎరగవు. నా వైపు చూసిన చూపు ఇంకా మరవలేను. మన వీధి ఓబులేసును నడివీధిలో స్నానానికి కూర్చోబెట్టాం. జీపు ఆలస్యమైంది. వచ్చేదాకా వాడు సబ్బు రుద్దుకుంటూనే ఉన్నాడు.

వచ్చిన ఆఫీసర్లు మెత్తగా మాట్లాడారు. అదే నాకు ఎక్కువ భయమేసింది. "తాగేదానికి నీళ్లకు ఇబ్బంది ఉందా అమ్మా?" అని అడిగారు. "ఏం లేదు సార్" అని అందరం ఒక్క గొంతుతో అన్నాం. ఆయన ఇంకోసారి అడిగాడు. ఇంకా గట్టిగా అన్నాం. "మరి టీవీలో ఒక పెద్దాయన చెప్పినాడే? ఆయన యాడ ఉన్నాడు?" అన్నాడు.

దీనికి ఏం చెప్పాలో మేం అనుకోలేదు. ఓబులేసు కంట్లో సబ్బు పడి ఏడుస్తున్నాడు. అట్లాగే, "ఆయప్ప సచ్చిపోయినాడు సార్" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను పాపా. తలపాగా మూతి దాకా లాక్కుని, చేయి చాస్తే అందేంత దూరంలో. ఆఫీసరు నొచ్చుకున్నాడు. "అయ్యో, ఎప్పుడు?" అన్నాడు. "టీవీలో వచ్చిన మర్సటి దినమే సార్. తట్టుకోలేకపోయినాడు" అన్నాడు ఓబులేసు. ఆయన రాసుకున్నాడు. ఫొటోగ్రాఫరు గాబులకు ఫొటోలు తీశాడు. పోతూ పోతూ ఆఫీసరు నా భుజం మీద చేయి వేసి, "మీరేమవుతారు ఆయనకు?" అని అడిగాడు. "దగ్గరోడినే సార్" అన్నాను.

జీపు మలుపు తిరిగాకనే తలపాగా విప్పాను. బతికాను పాపా. నీ పుణ్యం.

ఇట్లు,
కీర్తిశేషుడైన మీ మామ

తా.క.: సాయంత్రం మీ అత్త నాకు సంగటి పెట్టలేదు. "సచ్చినోనికి సంగటేంటికి" అంటోంది.


పుట్టపర్తి,
శనివారం

మామకు,

నమస్కారం పెట్టాలో తిట్టాలో తెలియక రాస్తున్నాను.

మీ ఉత్తరం కంటే ముందు మీ రిపోర్టు వచ్చింది. టైపు చేయమని నాకే ఇచ్చారు. "టీవీలో మాట్లాడిన వ్యక్తి ఇటీవల మరణించినట్లు గ్రామస్థులు తెలియజేసినారు" అన్న వాక్యం దగ్గర నేను బోరుమని ఏడ్చాను. విజయభాస్కర్ గారు లేచి వచ్చి, "నీకు తెలియదన్నావు కదమ్మా" అన్నారు. "తెలియదు సార్, మనసు కరిగింది" అన్నాను. ఇంటికి పొమ్మన్నారు. మా ఆయన వీరేష్ తను పనిచేసే లాడ్జిలో సెలవు చెప్పి వచ్చాడు. చావుకు వస్తున్నామని బ్యాగు సర్ది తలుపు తీస్తే గడప దగ్గర మీ కవరు. మీ చేతిరాత చూసి వీరేష్ గోడకు ఆనుకున్నాడు.

మామా, ఇప్పుడు రాసేది నెమ్మదిగా చదవండి. వాళ్లు మీకోసం రాలేదు. నీళ్ల కోసం వచ్చారని ఆ రిపోర్టులోనే ఉంది. టీవీలో మీ మాట విన్నాక, అంత కొరత ఉంటే ముందు ఆ ఊరికే పైపులైను వేద్దామని పైవాళ్లు అన్నారట. మీరు చెప్పింది నిజమా కాదా అని చూడటానికే ఆ విచారణ. నేను అడగకుండా నా భయంతో కథ అల్లి మీకు పంపాను.

రిపోర్టులో ఏముందో నా చేతులతోనే కొట్టాను. "తొట్లు నిండుగా ఉన్నవి. గొర్రెలను సైతం కడుగుచున్నారు. ఒక వ్యక్తి నడివీధిలో దీర్ఘముగా స్నానము చేయుచుండెను. నీటి కొరత లేదు." మన ఊరి ట్యాంకరు ఆపేస్తున్నారు. అదే రోజు వాళ్లు సిద్ధనహళ్లి కూడా వెళ్లారు. అక్కడ ఏ ఇంట్లోనూ చుక్క లేదు, బిందెలన్నీ బోర్లించి ఉన్నాయట. చుక్క ఎందుకు లేదో మీకూ నాకూ తెలుసు. అందుకని పైపులైనుకు వాళ్ల పేరు రాశారు. అది వచ్చేదాకా, నీళ్లు ఎక్కువగా ఉన్న మన ఊరు వాళ్లకు సాయం చేయాలట. గురప్ప బోరు నుంచి సిద్ధనహళ్లికి నీళ్లు ఇవ్వాలని ఉత్తర్వు వేశారు.

నాకు అన్నం దిగడం లేదు. నిజం చెప్తే, మీకు ముందే ఎవరు చెప్పారని అడుగుతారు. చెప్పకపోతే ఈ ఎండల్లో మీరేం తాగుతారు? ఏం చేయమంటారు మామా?

ఇట్లు,
మిమ్మల్ని బతికించబోయి ఇంత చేసిన
సువర్ణ

తా.క.: మీ ఆత్మశాంతి కోసం మా సెక్షన్ అందరూ లేచి మౌనం పాటించారు. నేనూ నిలబడ్డాను.


కరిగానిపల్లి,
గురువారం

తల్లీ సువర్ణా,

ట్యాంకరు రాలేదు. రాదని తెలిసినా బిందెలు వరుసలో పెట్టుకుని కూర్చున్నాం.

గురప్ప బోరు దగ్గర కాగితం అంటించి పోయారు. పాల కేంద్రం దగ్గర ఊరంతా చేరింది. ఓబులేసు లేచాడు. "మనకే చాలనప్పుడు పక్కూరికి ఇచ్చేదేంది? ముందు మనం, ఆమైన వాళ్లు. నేను చెప్పేది కాదిది, గంగాధరప్ప మామ టీవీలో చెప్పినాడు" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. చచ్చిపోయిన మనిషిని కాబట్టి ఏమీ మాట్లాడలేదు. గురప్ప అడ్డం తగిలాడు. "ఈ పొద్దు మనం ఇయ్యకపోతే రేపు నా బోరు ఎండినపుడు మనకెవురు ఇస్తారప్పా?" అన్నాడు. ఒకరిమీద ఒకరు అరుచుకున్నారు. టీవీలో కోట్లు వేసుకున్నవాళ్లు అన్న మాటలే అన్నీ. కోట్లు లేవంతే.

చివరికి బయమ్మ లేచింది. "వాళ్లు తాగే నీళ్లు తెచ్చి మన గొర్రెల మింద పోసినాం. ఇప్పుడు ఇయ్యమంటే వాళ్ల మొగాలు ఎట్ల చూస్తారు మీరు?" అంది. ఇచ్చాం.

యేసన్న బండి తోలుకుని వచ్చాడు. డ్రమ్ములు నింపుకున్నాడు. మా ట్యాంకరు ఆగిపోయిందని ఆయనకు తెలియదు. పోయేటప్పుడు, "సంబంధం కుదిరినాదా మామా?" అని అడిగాడు. నేను తల ఎత్తలేకపోయాను. ఇంకా మాటలు నడుస్తున్నాయన్నాను.

అప్పటి నుంచి బోరు రెండూళ్లకు పోస్తోంది. నిన్నటి నుంచి మోటారు దగ్గుతోంది. సగం నీళ్లు, సగం బురద. ఆడవాళ్లు చీకటితోనే లేచి కర్ణాటక వైపు తోటల్లోకి పోయి బతిమాలి తెస్తున్నారు. నిన్న ఇంట్లో ఒక్క చెంబు మిగిలితే మీ అత్త తను తాగకుండా నాకని మూత పెట్టింది. నేను ఆమెకని ముట్టలేదు. పొద్దునకు పిల్లి తాగింది.

ఉన్నది ఉన్నట్టు అర్జీ రాద్దామని గ్రామ సచివాలయానికి పోయాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి, "తాతా, నువ్వు పోయినట్ల రిపోర్టు ఉండాది, నీ అర్జీ ఎట్ల తీసుకునేది?" అంది. ఒకందుకు మంచిదే అనుకున్నాను. అర్జీ పెడితే నీ పేరు చెప్పాల్సి వస్తుంది. నీ కూడు పోగొట్టలేను. చచ్చినవాడిని ఎవరూ ఏమీ అడగరు కాబట్టి ఇట్లాగే ఉండిపోతాను.

నిజం చెప్తున్నా పాపా, టీవీ భయం ఎప్పుడో పోయింది. అప్పుడు నాకు ఏమవుతుందోనని భయపడ్డాను. ఇప్పుడు పొద్దున లేవగానే మోటారు చప్పుడు వినపడుతుందా లేదా అని చెవులు రిక్కించి పడుకుంటున్నాను. ఊరంతా అట్లాగే పడుకుంటోంది. ఇది వేరే భయం.

ఇట్లు,
నీ మామ

తా.క.: కడిగాక గొర్రెలు తెల్లబడ్డాయి. సంతలో ఒకాయన ఇవి ఏ దేశపు జాతి అని అడిగాడు.


పుట్టపర్తి,
సోమవారం

మామకు సువర్ణ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి తిన్నగా విజయభాస్కర్ గారి ముందుకు వెళ్లి నిలబడ్డాను. "ఆయన మా మామ సార్. బతికే ఉన్నాడు. ఆఫీసర్లు వస్తున్నారని నేనే రాసి పంపాను. ఆ నీళ్లన్నీ చూపుల నీళ్లు" అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశారు. ఆ తర్వాత, "నీళ్లున్న ఊళ్లోనైనా గొర్రెలను ఎవరు కడుగుతారమ్మా? ఆ వాక్యం దగ్గరే నాకు అనుమానం వచ్చింది. నేనూ ఆ వైపువాడినే. మా అన్న పెళ్లికి నేనూ గాబులు నింపాను" అన్నారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. అప్పుడు ఆయన గొంతు మారింది. "మళ్లీ చూసి రమ్మని పంపిస్తాను. ఎప్పుడనేది నీ చేతి మీదుగానే పోతుంది. ఈసారి చెప్పావో, నీ ఉద్యోగం నేనే తీసేస్తాను" అన్నారు.

కాబట్టి ఎప్పుడని అడగకండి. నాకు తెలిసినా చెప్పను. గాబులు బోర్లించి పెట్టండని కూడా చెప్పను. అదీ చూపే అవుతుంది. ఎట్లా ఉన్నారో అట్లా ఉండండి.

ఒక్క మాట మాత్రం చెప్పుకోనివ్వండి. పైపు ఈసారికి ఒక్క ఊరికేనట. మీకా, సిద్ధనహళ్లికా అని మిమ్మల్నే అడుగుతారు. మాకే అనండి. టీవీలో అన్నారు కదా, ముందు మనం అని, అంత గట్టిగానే అనండి. మొహమాటపడితే ఊరు ఖాళీ అవుతుంది మామా. నాకు ఆ భయంతో పగలే పీడకలలు వస్తున్నాయి.

మీ సువర్ణ

తా.క.: మీరు బతికే ఉన్నారని సెక్షన్‌లో చెప్పాను. అందరూ సంతోషించారు. ఒకాయన మాత్రం, ఆ రోజు మౌనం వల్ల నా టీ చల్లారిపోయిందని సణిగాడు.


కరిగానిపల్లి,
ఆదివారం

అమ్మా సువర్ణా,

వచ్చారు. నువ్వు చెప్పలేదు, మేం ఏమీ చేయలేదు. వాళ్లు వచ్చేసరికి రెండూళ్ల జనం మా ఇంటి వెనుక గురప్ప తోటలో బోరు చుట్టూ నిలబడి ఉన్నారు. మోటారు తిరుగుతోంది. పైపులోంచి ఉత్త గాలి వస్తోంది.

ఆఫీసరు నన్ను గుర్తుపట్టాడు. "మీరు చనిపోయినాయనకు దగ్గరివాళ్లు కదా?" అన్నాడు. "నేనే సార్ ఆయప్పను" అన్నాను. "మరి చనిపోయారని చెప్పారే?" "భయానికి సార్."

ఆయన నవ్వలేదు. బోరు చూశాడు, గాబులు చూశాడు. తర్వాత నువ్వు రాసినట్లే అడిగాడు. "పైపు ఒక్క ఊరికే వచ్చేట్లుంది. ముందు మీకా, వాళ్లకా? ఊరి పెద్దగా మీరే చెప్పండి."

నీ మాట నాకు గుర్తుంది. మాకే సార్ అని నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి గొర్రెల దగ్గర నిలబడి అనుకుంటూనే ఉన్నాను. నోరు తెరిచాను. నా పక్కనే యేసన్న ఖాళీ బిందె పట్టుకుని ఉన్నాడు. ఆ బిందె నాకు తెలుసు. మా డ్రమ్ములోకి వంచిన బిందె అది.

నేను తడబడుతుంటే యేసన్నే అందుకున్నాడు. "వాళ్లకే ఇయ్యి సార్. పాపం ఏదో సంబంధం తిరుగుతాండాది వాళ్లకు, నీళ్లు లేకపోతే చెడిపోతాది" అన్నాడు. అది విన్నాక నేనెట్లా ఊరుకోను? "మాకేం తొందర లేదు సార్, వాళ్లకే రాసుకోండి" అనేశాను. ఓబులేసు కూడా రోషం తెచ్చుకుని, "మాకు గురప్ప బోరుండాది సార్" అన్నాడు, ఆ గాలి పోస్తున్న బోరు పక్కనే నిలబడి. సిద్ధనహళ్లి ఆడవాళ్లు, మేం ఎట్లోగట్ల సర్దుకుంటామన్నారు. మా ఆడవాళ్లు, మేమూ సర్దుకుంటామన్నారు.

ఆఫీసరు పెన్ను ఆగింది. "అంటే రెండూళ్లకూ ఇబ్బంది లేదని రాసుకోమంటారా?" అన్నాడు.

మొదటిసారి భయంతో చేశాం, ఇప్పుడు మర్యాదతో చేస్తున్నాం. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరం తలలు దించుకుని నిలబడ్డాం. పిల్లలను చంపుకుంటున్నామని తెలుస్తూనే ఉంది, అయినా నిలబడ్డాం.

ఎండ మండిపోతోంది. ఆయన మెడ తుడుచుకుని, మా మంచం మీద కూర్చుని, మీ అత్త వైపు తిరిగి, "అమ్మా, కొంచెం మంచినీళ్లు ఇస్తారా?" అన్నాడు. ఏ ఆలోచనా లేదు ఆయనకు, దాహమేసి అడిగాడు.

మీ అత్త లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. బయమ్మ వాళ్లింటికి పరుగెత్తి ఉత్త చేతులతో వచ్చింది. సిద్ధనహళ్లి ఆడవాళ్లు వాళ్ల బిందెలు వంచి చూసుకున్నారు. చివరికి మీ అత్త చెంబు పట్టుకుని గడప దాటింది. చెంబు తోమి తెచ్చింది, బూడిదతో. దాంట్లో ఏమీ లేదు. "లేవు నాయనా" అంది.

కరువులు చాలా చూశాం పాపా. జొన్న గంజి తాగి బతికాం. మా గడపలోకి వచ్చిన మనిషికి నీళ్లు లేవని చెప్పింది మాత్రం ఎన్నడూ లేదు. ఆ మాట అని మీ అత్త గడప మీదే కూర్చుండిపోయి ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. రెండూళ్లూ చూస్తుండగా ఏడ్చాను, సిగ్గు కూడా అనిపించలేదు.

ఆఫీసరు మంచం మీద నుంచి లేచాడు. తర్వాత జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాడు. రెండూళ్లకూ కలిపి ఒకే పైపు అని రాశానన్నాడు. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో చెప్పలేనన్నాడు. ట్యాంకరు మాత్రం రెండూళ్లకూ పంపిస్తానన్నాడు. నీ పేరు ఎవరూ ఎత్తలేదు.

ఒప్పుకోకపోతే ఏమిటనే భయం నాకు పోలేదు, దాచను. రాత్రి పడుకుని ఆ టీవీ మాట తలుచుకున్నాను. ఆ దేశానికి ఫిరంగులు ఇవ్వాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు అంత గట్టిగా ఎట్లా చెప్పానంటే, అవతలివాళ్ల ముఖం నాకు ఎవరూ చూపించలేదు. ఫిరంగి అడిగేవాళ్లు కూడా ఏదో భయపడే అడుగుతుంటారు. ఈసారి ఎవరైనా మైకు పెడితే నోరు మూసుకుంటాను.

ఇట్లు,
మళ్లీ బతికిన
మీ మామ గంగాధరప్ప

తా.క.: ఈ పొద్దు ట్యాంకరు వచ్చింది. మీ అత్త మొదటి చెంబు ముంచి, మూత పెట్టి, గడప పక్కన పెట్టింది. గొర్రెలు తోలి వచ్చి దాహంతో చేయి చాపితే నా చేతి మీద కొట్టింది. "ఎవురన్నా వస్తే కావల్ల. నువ్వు ఇంటోనివే కదా, నీకేం తొందర?" అంది.